దిద్దేవాళ్లున్నారు, చదివేవాళ్లేరీ?

కడప జిల్లాలోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారాలు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల బడుల్లో ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పి నిరుడు పదవీ విరమణ చేశాను. మీలో కొందరితో కలిసి పనిచేశాను, కొందరితో వాదులాడాను, చాలామందితో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని జవాబు పత్రాలు దిద్దాను. ఆ బల్ల దగ్గరి నుంచే మొదలుపెడతాను.

విహారయాత్ర గురించి మిత్రుడికి లేఖ రాయమన్న ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. కట్ట విప్పితే చాలు, పత్రం తర్వాత పత్రంలో అదే చార్మినార్, అదే సాలార్‌జంగ్ మ్యూజియం, అదే వరుస. 'నేను ఇక్కడ క్షేమం, నీవు అక్కడ క్షేమమని తలుస్తాను' అన్న వాక్యంలో అదే చోట అదే అచ్చుతప్పు, ఎందుకంటే గైడులో ఆ తప్పు అలాగే అచ్చయింది. హైదరాబాదు ముఖం చూడని పిల్లలు హైదరాబాదు గురించి రాస్తున్నారు. ఇక ఆ మిత్రుడు ఎవరు? పేరు ఉండాల్సిన చోట మూడు ఇంటూ గుర్తులు, ఊరు ఉండాల్సిన చోట మరో మూడు. ఆ ఉత్తరం ఏ ఊరూ చేరదని రాసే పిల్లకు తెలుసు, దిద్దే మనకూ తెలుసు. సంబోధన ఉందా, సంతకం ఉందా, చిరునామా గడి ఉందా అని చూసి మార్కులు వేసి పక్కన పెడతాం. అన్నేళ్లలో నేను కొన్ని వేల ఉత్తరాలు దిద్దాను. చదివినవి ఎన్ని అని అడిగితే మాత్రం జవాబు చెప్పడానికి మొహమాటపడతాను.

మన పిల్లలకు రాయడం రాదని సమావేశాల్లో అందరం అంటాం. చదివే మనిషి లేకుండా పదేళ్లు రాయించాక ఇంకెలా వస్తుంది? మీ బడికి ఒక బ్లాగు పెట్టించండి, వారానికి ఒక పీరియడు దానికి ఇవ్వండి, పిల్లలు రాసినందుకు ఎవరైనా కోప్పడితే ఆ కోపం మీరు కాయండి. ఈ ఉత్తరంలో నేను అడిగేదంతా ఇదే.

బ్లాగు అనగానే ఒక యువ ఉపాధ్యాయుడు నాతో అన్న మాట చెబుతాను. "మేడమ్, అది పాతబడిపోయింది, ఇప్పుడంతా రీల్సే కదా" అన్నాడు. నిజమే, పాతబడింది. ఆ పేరు 'వెబ్‌లాగ్'గా 1997లో పుట్టి, 1999కల్లా 'బ్లాగ్'గా కుదించుకుపోయింది. డబ్బు, సాంకేతిక విద్య అవసరం లేకుండా ఎవరైనా రాసుకునే బ్లాగర్ వేదిక కూడా ఆ ఏడాదే వచ్చింది. తెలుగులో 2006 తరువాత నాలుగైదేళ్లు పెద్ద సందడి. లేఖిని అనే సైటులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చేవి, కూడలి అనే సైటులో ఆ రోజు ఎవరెవరు ఏం రాశారో ఒకే చోట కనిపించేది. బ్లాగులో పెట్టే రాతకు 'టపా' అని, దాని కింద పాఠకులు రాసేదానికి 'వ్యాఖ్య' అని, ఆ పాత మాటలకు కొత్త పని అప్పుడే దొరికింది. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకున్నారు కూడా. ఆ సందడి ఇప్పుడు లేదు. బడికి అదే మేలు. లైకుల పోటీ లేదు, పక్కనే ఎగిరే బొమ్మలు లేవు. రాసింది తేదీ వరుసలో ఉంటుంది, కింద వ్యాఖ్యకు చోటు ఉంటుంది, మూడేళ్ల తరువాత వెతికినా దొరుకుతుంది. కరోనా కాలంలో మనం నడిపిన తరగతి వాట్సాప్ గుంపులు ఏమయ్యాయో గుర్తు చేసుకోండి. అందులో పిల్లలు రాసిన మంచి వాక్యాలన్నీ శుభోదయాల కింద, 'ఓకే మేడమ్'ల కింద పూడిపోయాయి. ఒక్కటైనా ఇప్పుడు వెతికి తీయగలమా?

నేను మొదటి తరగతి బ్లాగు 2010లో పెట్టాను. బడిలో కంప్యూటర్లు ఉండేవి, తాళం కూడా ఉండేది. అందుకని పిల్లలు నోటు పుస్తకంలో రాసేవారు, ఆదివారం నెట్ సెంటరులో కూర్చుని నేను టైపు చేసేదాన్ని. మొదటి రెండు నెలల టపాలు ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. 'వార్తాపత్రికల వల్ల లాభాలు', 'సమయపాలన', 'వృక్షో రక్షతి రక్షితః'. పరీక్ష వ్యాసాన్ని తెచ్చి తెర మీద అతికించాం, అంతే. ఎవరూ చదవలేదు, ఎందుకు చదువుతారు?

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, చేయి కుదురుగా ఉండేది కాదు, బండల ఫ్యాక్టరీ మీద పేజీన్నర రాసుకొచ్చాడు. వాళ్ల నాన్న కోత యంత్రం దగ్గర పని. నీళ్లు పోస్తూ రాయిని కోస్తే బూడిదరంగు బురద ఎలా పారుతుందో, అది ఎండితే రోడ్డు పక్క ఎలా మేట వేస్తుందో, రాత్రి స్నానం చేసి పడుకున్నా నాన్న చెవుల వెనక ఆ పొడి ఎలా మిగిలి ఉంటుందో రాశాడు. అందులో ఒక్క సామెత లేదు, ఒక్క శ్లోకం లేదు. సందేహిస్తూనే ప్రచురించాను. నాలుగు రోజులకు బెంగళూరులో ఇళ్లు కట్టించే ఒక తెలుగాయన కింద వ్యాఖ్య రాశాడు. మేం ఇళ్లలో మీ కడప బండే పరుస్తాం, కొన్ని నల్లగా, కొన్ని బూడిదరంగులో వస్తాయి, ఒకే గనిలోంచి రెండు రంగులు ఎందుకు వస్తాయో మీ నాన్నగారిని అడిగి చెబుతావా అని.

'మీ నాన్నగారిని అడిగి' అన్న మూడు మాటలు చేసిన పని, నా మొత్తం బోధనోపకరణాలు చేయలేదు. బడి చదువుతో తనకు సంబంధం లేదనుకునే ఆ మనిషి ఆదివారం కొడుకును గనికి తీసుకెళ్లి పొరలు చూపించాడు. ఏ పొర ఏ రంగు, ఏది సుత్తి దెబ్బకు పలకగా విడిపోతుంది, ఏది ముక్కలవుతుంది, అన్నీ చెప్పాడు. సోమవారం అబ్బాయి సంచిలో నాలుగు రాళ్లు వేసుకుని వచ్చాడు. నాకేం తెలుస్తుంది రాళ్ల సంగతి? సైన్సు మాస్టారి దగ్గరకు పంపాను. ఆయన నిమ్మకాయ పిండి బుడగలు చూపించాడు. ఇది సున్నపురాయి, భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు, సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది, అందుకే బండలుగా విడిపోతుంది, మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నదీ దీనివల్లే అని చెప్పాడు. వాడి రెండో టపా పేరు 'మా ఊరు ఒకప్పుడు సముద్రం'. మనిషి పుట్టక ముందు ఇక్కడ అలలు ఉండేవని, వేసవిలో బోరు ఎండిపోయే ఊరి పిల్లవాడు రాసిన ఆ టపాను స్టాఫ్ రూములో అందరం చదివాం. ఈ ఒక్క ముచ్చటలో తెలుగు ఉంది, సైన్సు ఉంది, సాంఘికం ఉంది, తండ్రి ఉన్నాడు. టైం టేబుల్లో ఇవన్నీ కలిసే గడి ఎక్కడైనా ఉందా?

ఆ ఏడాదే కలమళ్లకు వెళ్లాం. మీకు చెప్పనక్కర్లేదు, ఎర్రగుంట్ల మండలంలోనే. చెన్నకేశవ ఆలయ ప్రాంగణంలోని రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం, క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతారు. ఇంతవరకు దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం అదే. నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతుండగా ఒక పాప, "మేడమ్, చెక్కేటప్పుడు తప్పు పడితే ఎలా దిద్దేవాళ్లు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. టీచరు కదా అని ఏదో ఒకటి అల్లి చెప్పే వయసు అప్పటికే దాటాను. ప్రశ్నను ప్రశ్నగానే బ్లాగులో పెట్టాం. పది రోజులకు శాసనాలు చదివే అలవాటున్న ఒకాయన జవాబు ఇచ్చాడు. వదిలేసిన అక్షరాన్ని వరుస కింద చిన్నగా చెక్కిన సందర్భాలు శాసనాల్లో ఉన్నాయని, కాగితం మీద అయితే విడిచిన అక్షరం ఇక్కడ చేరాలని చూపడానికి మనం హంసపాదు అనే గుర్తు వాడతామని చెప్పాడు. హంసపాదు అన్న మాట మా తరగతిలో ఎవరికీ తెలియదు. ఆ తరువాత నెల రోజులు అందరి నోటు పుస్తకాల నిండా హంసపాదులే, అవసరం ఉన్నా లేకపోయినా.

ఇది నా బుర్రలో పుట్టిన కొత్త సంగతి అనుకోకండి. ఫ్రాన్సు దక్షిణాన బార్-సుర్-లూ అనే పల్లెలో సెలెస్టాన్ ఫ్రెనే అనే బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పలేని స్థితి. 1924లో ఆయన తరగతి గదిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమకు తోచింది రాయాలి, అందరూ కలిసి ఒకటి ఎంచుకుని, సవరించుకుని, సీసపు అక్షరాలు తామే పేర్చి అచ్చువేయాలి. ఆ కాగితాలు దేశానికి ఇంకో కొసన ఉన్న బ్రిటనీ తీరపు బడికి పోయేవి, అక్కడి పిల్లల రాతలు ఇక్కడికి వచ్చేవి. కొండ ఊరి పిల్లలకు చేపల వేట గురించి, జాలరి పిల్లలకు కొండ బతుకు గురించి అలా తెలిసింది. వందేళ్ల నాటి ఆ యంత్రం ఇప్పుడు ప్రతి టీచరు జేబులో ఉంది, సీసం మరకలు కూడా అంటవు. కోడూరు అరటి తోటల పిల్లలు, ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల పిల్లలు, మైదుకూరు దగ్గర కృష్ణాపురం ఉల్లి పండించే ఇళ్ల పిల్లలు ఒకరికొకరు రాసుకోవడానికి మనకేం అడ్డం? ఒక బడిలో లెక్కల టీచరు పిల్లల చేత ప్రతివారం ఉల్లి ధర రాయించి, గ్రాఫు గీయించి పెట్టారు. గ్రాఫు కొండ దిగినట్టు దిగిన వారం, పిల్లలు ఎవరూ ఏమీ రాయకపోయినా అందరికీ అర్థమైంది.

ఇప్పుడు నా తప్పులు. రెండో ఏడాది పేరు వచ్చింది, పేరుతో పాటు నాకు పొగరు కూడా. పిల్లల టపాలు 'బాగా' రావాలని దిద్దడం మొదలుపెట్టాను. చెనిక్కాయను వేరుశనగ చేశాను, సంగటిని రాగి ముద్ద చేశాను, చిన్న వాక్యాలను కలిపి పెద్దవి చేశాను. ఒక పాఠకురాలు మర్యాదగానే అడిగింది, ఈ ముప్పై మంది పిల్లలూ ఒకే మనిషిలా ఎందుకు రాస్తున్నారు అని. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. అక్షరదోషం చూపిస్తాను, మాట మార్చను. అర్థం కాకపోతే 'ఇక్కడ నాకు తెలియలేదు' అని అంచున రాస్తాను, దిద్దుకోవడం వాళ్ల పని. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ అనే వేదికలో టపా పాత ప్రతులు భద్రంగా ఉంటాయి. మొదటి ప్రతిని, అయిదో ప్రతిని పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు తమ రాత ఎలా మారిందో తమకే కనిపిస్తుంది. మన కడపలో కూర్చుని సి.పి. బ్రౌన్ దొర చేయించిన పని కూడా ఇలాంటిదే కదా. ఒకే పుస్తకానికి నాలుగు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, పాఠం తేల్చేవాడు. పోల్చి చూడటం ఎలాగో తెలిసిన పిల్లకు ఎవరూ దిద్దక్కర్లేదు.

కువైట్ సంగతి చెప్పకుండా ఉండలేను. మన జిల్లాలో అమ్మో నాన్నో అక్కడ ఉండి, అవ్వ దగ్గర పెరిగే పిల్లలు తరగతికి ఎంతమంది ఉంటారో మీకు హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. 2018లో అలాంటి ఒక అమ్మాయి అవ్వ జొన్నరొట్టెలు చేసే తీరు రాసింది. రాత్రి పని ముగిశాక, ఇంట్లోవాళ్లు పడుకున్నాక వాళ్లమ్మ ఫోనులో అది చదివింది. కింద వ్యాఖ్య రాసింది, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. నువ్వు తప్పు రాశావు, పిండిలో పోసేది చన్నీళ్లు కాదు, మరిగిన నీళ్లు, చన్నీళ్లు పోస్తే రొట్టె తట్టేటప్పుడే విరుగుతుంది, అవ్వ దగ్గర కూర్చుని మళ్లీ చూడు అని. అయిదో తరగతి వరకే చదివిన తల్లి, రెండు వేల మైళ్లకు పైగా అవతల నుంచి కూతురి వ్యాసం దిద్దింది. ఆ వ్యాఖ్యను తెలుగు లిపిలోకి మార్చడమే ఆ వారం నా తరగతికి పాఠం. చన్నీళ్లు, వేణ్ణీళ్లు, సంధి ఎలా జరిగిందో నల్లబల్ల మీద చెప్పాను. వేడి, నీళ్లు కలిసి వేణ్ణీళ్లు కావడం ఆ పిల్లలు ఇంకెప్పుడూ మరచిపోరు. ఆ తరువాత ఆమె ప్రతి టపా చదివేది, తన కూతురిదే కాదు, అందరివీ. ఎవరైనా రెండు వారాలు రాయకపోతే వాడికేమైంది అని అడిగేది. తల్లిదండ్రుల సమావేశాలకు హాజరు శాతం ఎంతని మనల్ని అడుగుతుంటారు. ఈ తల్లిని ఏ గడిలో వేయాలి?

ఇంతవరకు చదివి మీలో కొందరు నవ్వుకుంటూ ఉంటారు, 'బాగుంది, కానీ ఆపేశారు కదా' అని. అవును, ఆపేశాను. 2019లో ఎనిమిదో తరగతి అమ్మాయి బడిలో నీళ్ల గురించి రాసింది. శుద్ధి యంత్రం చెడిపోయి ఎన్ని రోజులైందో లెక్క పెట్టింది. తరగతిలో ఎంతమంది ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటున్నారో, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందనే భయంతోనే అలా ఉంటున్నారని అడిగి తెలుసుకుని రాసింది. ఎవరినీ నిందించలేదు. లెక్క మాత్రం రాసింది. ప్రచురించిన మర్నాడు నన్ను గదికి పిలిపించారు. బడి పరువు అన్నారు, పైనుంచి ఫోను వస్తే ఎవరు సమాధానం చెప్పాలి అన్నారు. ఆ బడి పేరు, ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ అనవసరం. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. లాంగ్ బెల్ కొట్టేలోపు ఆ టపా తీసేశాను.

అమ్మాయి నన్నేమీ అడగలేదు. మర్నాడు బ్లాగు కోసం పెట్టుకున్న నోటు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తరువాత పరీక్షల్లో వ్యాసాలు గైడులో ఉన్నట్టే రాసేది. మంచి మార్కులు వచ్చేవి. నేనే వేశాను.

శుద్ధి యంత్రం బాగైంది లెండి, మూడు వారాలకు. ఎలాగంటే, తీసేసిన ఆ టపాను అప్పటికే ఊళ్లో ఎవరో చదివారు, తలా కొంత వేసుకున్నారు. బడి పరువు తీస్తుందనుకున్న రాత బడికి నీళ్లు తెచ్చింది. ఇలాంటిదే స్కాట్లాండులో 2012లో జరిగింది. తొమ్మిదేళ్ల పాప ఒకతె రాత సాధన కోసం 'నెవర్ సెకండ్స్' అనే బ్లాగు పెట్టి, రోజూ బడిలో పెట్టిన భోజనం ఫొటో వేసి మార్కులు వేసేది. పదికి ఎన్ని, ఎన్ని ముద్దలకు అయిపోయింది, ఎన్ని వెంట్రుకలు వచ్చాయి, ఇలా. బడిని నడిపే స్థానిక మండలి ఫొటోలు తీయకూడదని నిషేధం పెట్టింది. దేశమంతా గగ్గోలు పుట్టి, చూస్తుండగానే ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. ఆ గొడవలో బ్లాగు చదివినవాళ్లు ఇచ్చిన విరాళాలు లక్ష పౌండ్లు దాటి, ఆఫ్రికాలోని మలావీలో బడి పిల్లలకు వంటశాల కట్టడానికి పోయాయి. మన మధ్యాహ్న భోజనం గుడ్డు గురించి, చిక్కీ గురించి మన పిల్లలు రాస్తే ఏమవుతుందని మీకు అనుమానం రావచ్చు. మంచిగా ఉన్న రోజు మంచిగా ఉందని కూడా రాస్తారండీ. పిల్లలు మనకంటే న్యాయంగా మార్కులు వేస్తారు.

భయాల్లో న్యాయమైనవి ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. ఆడపిల్లల పేర్లు, ఫొటోలు బయటపడితే? అందుకే మా బ్లాగులో ఫొటోల్లో ముఖాలు ఉండేవి కావు, చేతులు, రాళ్లు, రొట్టెలు ఉండేవి. ఇంటి పేర్లు లేవు, వీధి పేర్లు లేవు. ప్రతి పిల్లా తనకొక కలం పేరు పెట్టుకునేది, ఆ పేర్లు ఎంచుకోవడానికే ఒక పీరియడు పట్టేది. పిల్లలెవరికీ ఖాతా అక్కర్లేదు, టీచరు ఖాతా ఒకటి చాలు. పెద్ద తరగతుల పిల్లలు స్వయంగా ఎక్కించాలనుకుంటే వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అనే హోదా ఉంది. ఆ హోదా ఉన్నవారు రాయగలరు, టీచరు చూసి ఒప్పుకుంటేనే ప్రచురణ అవుతుంది. వ్యాఖ్యలకు కూడా అలాగే పెట్టుకుంటే, మనం అనుమతించనిదే ఒక్కటీ కనబడదు. తిట్లు రాలేదా అంటే, వచ్చాయి, ఇన్నేళ్లలో చేతి వేళ్లకు మించవు, పిల్లల కంట పడకుండానే పోయాయి. ఆ మాత్రం కూడా ధైర్యం చాలకపోతే ఆహ్వానించినవారికి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు, పక్క మండలం బడి చదివినా పాఠకుడు పాఠకుడే. తల్లిదండ్రుల అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. కలం పేర్ల పద్ధతి ఆ చట్టం కంటే ముందే నాకు మా అవ్వ నేర్పిన జాగ్రత్త.

టైపింగు రాదంటారా? ఈ ఇరవై ఏళ్లలో అన్నింటికంటే తేలికైంది అదే. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టినా తెలుగు వస్తుంది, మాట్లాడినా వస్తుంది. నా మటుకు నాకు పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్, అంటే నేరుగా తెలుగు అక్షరాల మీటలే నొక్కే కీబోర్డు పద్ధతి, నేర్పడం ఇష్టం. మొదటి వారం తిట్టుకుంటారు. కానీ 'స్త' కావాలంటే స, పొల్లు, త వరుసగా నొక్కాలి కదా, ఒత్తు అంటే ఏమిటో ఆరేళ్లు చెప్పినా ఎక్కనివాళ్లకు వేలి కొసన ఎక్కుతుంది. మాటతో టైపు చేయించడంలో ఇంకో తమాషా. మన పిల్లల మాటను ఆ ఫోను ఏమని వింటుందో చూసి తరగతంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు, నవ్వుతూనే దిద్దేవారు.

ఇక మీకు ఒక హెచ్చరిక లాంటి విన్నపం. దయచేసి దీన్ని ఇంకో యాప్ చేయకండి. హాజరుకు ఒకటి, భోజనానికి ఒకటి, మరుగుదొడ్ల ఫొటోలకు ఒకటి ఎక్కించి ఎక్కించి టీచర్ల బొటనవేళ్లు అరిగిపోయాయి. ప్రతి బడి వారానికి అయిదు టపాలు వేయాలి, శుక్రవారం సాయంత్రానికి నివేదిక పంపాలి అని ఎవరైనా ఆదేశం ఇచ్చిన రోజే ఈ పని చచ్చిపోతుంది. ఆ శుక్రవారం టీచర్లే కూర్చుని పిల్లల పేర్లతో రాసేస్తారు, నాకు తెలుసు, నేనూ ఆ జాతే. బ్లాగును ముఖ్య అతిథుల శాలువాల ఫొటోలు పెట్టే గోడ కూడా చేయకండి. అది పిల్లల చోటు. మీరు రాయాలనిపిస్తే వ్యాఖ్య రాయండి, వాళ్లకు అది పండగ.

మార్కులు లేనిది ఎవరూ పట్టించుకోరు అంటే, ప్రాజెక్టు పని ఉంది కదా. ఇప్పుడు ఆ ప్రాజెక్టులు ఎక్కడ తయారవుతున్నాయో మనకు తెలియనిదా? నెట్ సెంటరులో రంగుల ప్రింటు తీసి, అంచుకు మెరుపు కాగితం అంటించి తెస్తారు, మనం సంతకం పెడతాం. ఇంకొన్నాళ్లకు అంత కష్టం కూడా ఉండదు, చాట్‌జీపీటీని అడిగితే రెండు నిమిషాల్లో వ్యాసం చేతిలో పెడుతుంది, అక్షరదోషం కూడా ఉండదు. అవ్వ రొట్టె విరగకుండా ఎలా తడుతుందో, నాన్న చెవి వెనక ఏ రంగు పొడి ఉంటుందో మాత్రం దానికి తెలియదు. ప్రాజెక్టు పని మార్కులను ఈ టపాలకు, వచ్చిన వ్యాఖ్యలకు ఇచ్చిన జవాబులకు వేయండి. కొత్త ఉత్తర్వు ఏదీ అక్కర్లేదు, మీ పరిధిలోని పనే.

నేనిప్పుడు ఖాళీగా ఉన్నాను. ఎర్రగుంట్ల నుంచి బస్సు అందే బడి ఏదైనా సరే, శనివారాలు వచ్చి మీ తెలుగు టీచరు పక్కన కూర్చుంటాను. దారి ఖర్చులు కూడా వద్దు, మధ్యాహ్నం పిల్లలతో పాటు ఒక పళ్లెం పెట్టించండి.

నీళ్ల గురించి రాసిన ఆ అమ్మాయి నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. తను ఇప్పుడు కడపలో డిగ్రీ చదువుతోంది. పోయిన నెల ఫోను చేశాను, అయిదేళ్ల తరువాత. ఆ టపా మళ్లీ ఎక్కడైనా వేయనిస్తావా అని అడిగితే, కాసేపు ఆగి, "అందులో రెండు చోట్ల లెక్క తప్పు వేశాను మేడమ్, పుస్తకం పంపండి, దిద్దుకుని ఇస్తాను" అంది. మొన్న మంగళవారం పోస్టు చేశాను. మీలో ఎవరైనా మీ బడి బ్లాగు తెరిస్తే, మొదటి టపాకు అది సిద్ధంగా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
ఎర్రగుంట్ల